మిగిలిన పద్దెనిమిది

మూడోసారి కూడా అక్బర్ బీని కంటి ఆసుపత్రి నుంచి వెనక్కి పంపేశారు. కారణం మొదటిసారి చెప్పిందే. బీపీ ఎక్కువగా ఉంది. పై అంకె నూట అరవై లోపలికి దిగితే తప్ప ఆపరేషన్ చెయ్యరు. మొదటిసారి నూట డెబ్బై ఆరు, రెండోసారి నూట ఎనభై, ఈసారి నూట డెబ్బై ఎనిమిది.

రెండు కళ్ళలోనూ శుక్లం ముదిరింది, కుడి కంట్లో మరీ. సీతాఫల్‌మండిలో బండి తిరగని సందులో, ముందు గదిలో మిషన్ వేసుకుని ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతోంది అక్బర్ బీ. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించాలంటే కూతుర్ని పిలవాలి. నల్ల గుడ్డ మీద నల్ల దారం అసలే కనిపించదు. సుద్దతో ఒక గీత గీస్తే రెండు గీతలు కనిపిస్తాయి, అందులో తను గీసింది ఏదో తెలియదు. పోయిన నెల ఒక పెళ్ళి జాకెట్టును చంక దగ్గర తప్పు గీత మీద కత్తిరించేసింది. ఆ పెళ్ళికూతురి తల్లి పల్లెత్తు మాట అనలేదు. మళ్ళీ ఆ సందులోకి రానూ లేదు. ఇంకో నాలుగు జాకెట్లు అలా పోతే మిషన్ మీద గుడ్డ కప్పుకోవాల్సిందే.

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ అఫీఫా తల్లినే చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల ఇంటర్ మధ్యలో చదువు మానేసి తల్లి పక్కన హుక్కులు కుట్టడానికి కూర్చుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఇంటికొచ్చి చెప్పులు విడిచాక అంది.

"అమ్మీ, పొద్దుగాల ఇంట్లకెళ్ళి బయల్దేరినప్పుడు మంచిగనే ఉన్నవ్. బస్సుల సుత నవ్వినవ్. ఆడ కుర్చీల కూసున్నంక నీ మెడ కాడ నరం టకటక కొట్టుకుంటుండె. నేను చూసిన."

"ఎవలకైనా దవాఖాన్ల అట్లనే ఉంటది తీయ్."

"ఉండదు. పక్కన ముసలామెకు లేదు. నేను ఆమెను సుత చూసిన."

మర్నాడు మధ్యాహ్నం అఫీఫా పట్టుబట్టి తల్లిని లాలాగూడ తీసుకెళ్ళింది. అక్కడ మేబెల్ ఉంటుంది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇరవై ఏళ్ళుగా ఆమె గౌన్లన్నీ అక్బర్ బీ చేతి మీదే. ఆమె నడుము కొలత ఎన్నిసార్లు ఎంత పెరిగిందో ఆమెకన్నా అక్బర్ బీకే బాగా తెలుసు.

"ఏంటి అక్బర్ బీ, క్రిస్మస్ గౌను అప్పుడే అయిపోయిందా?" అంది మేబెల్ తలుపు తీస్తూ.

"గౌను ఏడ అయితది సిస్టరమ్మా? కండ్లు కావాలె గద."

ఇంట్లో మగవాళ్ళు లేరు. అక్బర్ బీ బుర్ఖా విప్పి కుర్చీ వీపు మీద వేసి, జాకెట్టు మీద చీర కొంగు సర్దుకుని కూర్చుంది. మేబెల్ మంచినీళ్ళిచ్చి, గౌను గురించీ పక్కింటి పిల్లి గురించీ ఓ పావుగంట మాట్లాడి, తర్వాత చేతికి బీపీ పట్టీ చుట్టింది.

"నూట నలభై నాలుగు," అంది. "టాబ్లెట్ వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్న."

"మరి నీకు ఆపరేషన్ చెయ్యనన్నది ఎవరే?"

అఫీఫా ఆసుపత్రి చీటీ తీసి చూపించింది. మేబెల్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చూసింది. నూట డెబ్బై ఎనిమిది. చీటీని ఒకసారి, తన బీపీ మిషన్‌ని ఒకసారి చూసుకుంది.

"అక్కడ పట్టీ ఎలా కట్టారు? బుర్ఖా తీశావా?"

"అందరి ముంగట ఎట్ల తీస్త? వరండా అది. మగోళ్ళు కూసుంటరు. ఆ నర్సు పిల్ల మీదికెళ్ళే కట్టేస్తది."

"మీద నుంచా!" మేబెల్ తల పట్టుకుంది. "చెయ్యి పైకి మడవమనలేదా?"

మడిచినా అది మడతపడదు. అక్బర్ బీ బుర్ఖాలన్నీ తనే కుట్టుకుంటుంది. మిషన్ చక్రంలో పడకుండా చేతులు సన్నగా, మణికట్టు దగ్గర బిగుతుగా పెడుతుంది. మోచేయి దాటి పైకి రావడానికి అందులో చోటు లేదు. పైగా మందపాటి గుడ్డ, లోపల జాకెట్టు చెయ్యి.

మేబెల్ ఊరుకోలేదు. మళ్ళీ బుర్ఖా తొడిగించి, దాని మీద పట్టీ చుట్టి చూసింది. నూట అరవై.

"చూశావా? పదహారు నీ గుడ్డది. నీది కాదు." పట్టీ విప్పి, బుర్ఖా తీయించి మళ్ళీ కుర్చీ వీపు మీద వేసింది. "సరే, గుడ్డకి పదహారు పోయింది. అక్కడ నూట డెబ్బై ఎనిమిది వచ్చింది. ఇంకా పద్దెనిమిది ఉంది. అదెక్కడిది?"

అఫీఫా తల్లి మెడ వైపు చూసింది.

ఆ పద్దెనిమిదిని ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో అక్బర్ బీకి తెలియదు. ఆమె పుట్టింది జనగామ వైపు. తండ్రి దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. ఇంట్లో పుట్టుకకీ చావుకీ తెలుగే. నమాజు తప్ప అరబ్బీ లేదు, పెళ్ళిచూపుల్లో రెండు మాటలు తప్ప ఉర్దూ లేదు. చాంద్‌పాషాను చేసుకుని ఈ సందులోకి వచ్చిన కొత్తలో నల్లా దగ్గర ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టి మరీ నవ్వారు. "ఉర్దూ రాదా? ఐసీ కైసీ ముసల్మాన్ గే మా!" అన్నది ఒకావిడ, ఇదేం ముసల్మానని. ఆ నవ్వుకు బదులు చెప్పేంత ఉర్దూ వచ్చేసరికి ఆవిడ ఇల్లు మారిపోయింది.

ఇటువైపు తెలుగు ఇళ్ళ వాళ్ళది ఇంకో రకం. "మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ!" అంటారు. ప్రేమగానే అంటారు. అన్నప్పుడల్లా ఆమె నవ్వుతుంది. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషకు మెచ్చుకోలు ఎందుకో అర్థం కాక, ఇంటికొచ్చాక కడుపులో మంట మొదలవుతుంది. దానికి ఒక గోళీ వేసుకుంటుంది.

మల్కాజ్‌గిరి అనసూయమ్మ సంగతి ఇంకా చెప్పలేనిది. పదేళ్ళుగా ఆవిడ చీరలకు ఫాల్, పికో అక్బర్ బీయే చేస్తోంది. నాలుగో అంతస్తుకు వెళ్తే వంటింటి గుమ్మంలో స్టూలు వేసి టీ ఇచ్చేది, కోడళ్ళ మీద చాడీలు చెప్పేది. ఏడాది కిందట ఒకరోజు ఫోన్ చేసింది. "మోకాళ్ళ నొప్పులు అక్బర్ బీ, లేచి తలుపు తియ్యలేకపోతున్నా. సంచి వాచ్‌మన్ దగ్గర పెడతాను, నువ్వూ అక్కడే ఇచ్చెయ్యి" అంది. అప్పటి నుంచి సంచి గేటు దగ్గరే. మోకాళ్ళ నొప్పులు నిజమే కావచ్చు. ఆ వయసులో ఎవరికి లేవు? కానీ ఆ ఫోన్ వచ్చింది టీవీలో నెలరోజులుగా హిందూ ముస్లిం గొడవలే చూపిస్తున్న రోజుల్లో. అదే అంతస్తుకు పాలవాడు వెళ్తున్నాడు, పువ్వులామె వెళ్తోంది.

కారణం ఇదేనని తెలిస్తే ఒకరోజు ఏడ్చి ఊరుకునేది. కాదని తెలిస్తే నవ్వుకునేది. ఏదీ తెలియదు. అందుకని మిషన్ తొక్కుతూ మనసులో అనసూయమ్మతో మాట్లాడుతూ ఉంటుంది. నేను ఏం చేసిన అమ్మా? నా చేతి టీ కాదు గద, నీ చేతి టీ నేను తాగిన. మాట పెరిగేకొద్దీ కాలు వేగం పెరుగుతుంది. దారం పుటుక్కున తెగితే గానీ తను పోట్లాడుతున్నట్టు ఆమెకే తెలియదు. తెగిన దారం మళ్ళీ ఎక్కించడానికి అఫీఫా రావాలి. ఆ పిల్ల దారం ఎక్కిస్తూ తల్లి మొహం చూసేది. ఎవరితో, అని అడిగేది కాదు.

మేబెల్ ముందు ఇదంతా వరసగా రాలేదు. ముక్కలు ముక్కలుగా వచ్చింది. చివరికి ఆసుపత్రి దగ్గరికి వచ్చింది.

"ఆడ కౌంటర్ల ఒకాయన ఉంటడు సిస్టరమ్మా. చీటీ చూసి అందర్ని పేరు పెట్టి పిలుస్తడు. రాజమ్మ గారూ, వెంకటేశం గారూ అంటడు. నా చీటీ వచ్చిందంటే 'బుర్ఖా అమ్మా, రా' అంటడు. మూడుసార్లు గట్లనే. హాలు మొత్తం తిరిగి చూస్తది. ఆ నర్సు పిల్లనేమో నాతోని హిందీల మాట్లాడ్తది. 'ఇధర్ బైఠియే, హాథ్ దీజియే' అంటది. పక్కామెతో మంచిగ తెలుగు. నన్ను ముట్టకుంట గుడ్డ మీదికెళ్ళి కడ్తది. ముడితే ఏమైతదని? నాకేమన్న అంటురోగమా?"

"అన్నదా ఆ అమ్మాయి ఏమైనా?"

"అనలే."

"కౌంటర్ అతను తిట్టాడా?"

"లే. నవ్వుకుంటనే పిలుస్తడు." అక్బర్ బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నాదే వహం గావచ్చు, ఉత్త అనుమానం. నేనే ఎక్కువ సోంచాయిస్తున్ననేమో."

మేబెల్ వెంటనే కాదనలేదు. అవుననీ అనలేదు. బీపీ మిషన్ గొట్టం చుట్టలు చుడుతూ చెప్పింది.

"నాకు డ్యూటీలో ఉండగా పాతికేళ్ళు గ్యాస్ట్రిక్. ఎన్ని టెస్టులు చేసినా ఏమీ లేదనేవారు. వార్డులో కొంతమంది పేషెంట్లు నా చేత్తో ఇంజెక్షన్ చేయించుకునేవారు, మంచినీళ్ళు మాత్రం ఆయా కోసం ఆగి తాగేవారు. దాహం లేక ఆగారో, నన్ను చూసి ఆగారో ఎవరు చెప్తారు? నేనూ అడగలేదు. రోజూ గ్లాసు పట్టుకుని వెళ్ళేముందు లెక్కలు వేసుకునేదాన్ని, ఈవిడ తాగుతుందా తాగదా అని. రిటైరైన ఆరు నెలలకి ఆ టాబ్లెట్ అవసరం లేకుండా పోయింది." గొట్టాన్ని డబ్బాలో పెట్టింది. "వాళ్ళ మనసులో ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు అక్బర్ బీ. నా కడుపులో మాత్రం మంట ఉండేది. ఆ మంట వహం కాదు కదా?"

అక్బర్ బీ కుర్చీ వీపు మీది బుర్ఖా అందుకుని, దాని చేతిని వేళ్ళ మధ్య నలుపుతూ కుట్టు వెంట తడుముకుంటూ వెళ్ళింది. చంక నుంచి మోచేతి దాకా.

"గుడ్డకు పదహారు అన్నవ్ గద. గుడ్డ సంగతి నేను చూసుకుంట," అంది.

ఆ వారం ఆమె ఇంకో పని ముట్టలేదు. కొత్త బుర్ఖా కత్తిరించింది. కుడిచేతికి లోపలివైపు కుట్టును, భుజానికి కిందగా మొదలుపెట్టి మోచేతి దాకా, తెరిచే ఉంచి పట్టీ వేసింది. ఆ పట్టీకి వరసగా టిచ్ బటన్లు. మూసి ఉంటే మామూలు చెయ్యి. టపటపా విప్పితే బీపీ పట్టీ పట్టేంత మేరే తెరుచుకుంటుంది. కింద వేసుకోవడానికి చేతుల్లేని జాకెట్టు ఒకటి కుట్టింది. చేతుల్లేని జాకెట్టు వేసుకోవడం ఆమె జీవితంలో ఇదే మొదలు.

"అమ్మీ, బటన్లు నేను కుడ్త. నీకు కనిపియ్యయ్," అంది అఫీఫా.

"నా ఏళ్ళకు కండ్లున్నయ్. నువ్వు దారం ఎక్కియ్యి సాలు."

వేళ్ళతో తడిమి ఎనిమిది బటన్లు కుట్టింది. అఫీఫా చూసి, ఏదో చెప్పబోయి, ఊరుకుంది.

నాలుగోసారి ఆసుపత్రికి వెళ్ళిన రోజు హాలు కిటకిటలాడుతోంది. కౌంటర్‌లో అదే మనిషి. చొక్కా మీద పేరు బిళ్ళ ఉందనీ, దాని మీద శాంతికుమార్ అని ఉందనీ అఫీఫా తల్లి చెవిలో చెప్పింది. ఒక్కొక్క చీటీ ఎత్తి పిలుస్తున్నాడు. అక్బర్ బీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వంతు దగ్గరికొస్తున్న కొద్దీ తన చీటీ ఎక్కడుందో చూడకపోయినా తెలిసిపోతోంది.

"బుర్ఖా అమ్మా, రా!"

ఆమె లేచింది. కౌంటర్ దాకా నడిచింది. ఇంట్లో మిషన్ ముందు వందసార్లు అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. నోటికి వచ్చింది మాత్రం అంది.

"నాకు పేరున్నది నాయనా. చీటీ మీద రాసున్నది. అక్బర్ బీ. జర సదువు."

గొంతు ఆమె అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. హాలు ఈసారీ తిరిగి చూసింది. శాంతికుమార్ చీటీ వైపు చూసి, ఆమె వైపు చూసి, గబుక్కున లేచి నిలబడ్డాడు.

"అయ్యో, సారీ అమ్మా! అక్బర్ అని ఉంది కదా, మీ ఆయన పేరు రాశారేమో అనుకున్నా. మగ పేరుతో పిలిస్తే బాగుండదని... వేరేగా అనుకోకండి."

అది నిజమో, అప్పటికప్పుడు దొరికిన మాటో ఆమెకు తెలియలేదు. "బీ అని సుత ఉన్నది," అని మాత్రం అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు తన మీద కాదని ఈసారి తేలిగ్గానే తెలిసింది. శాంతికుమార్ చెవులు ఎర్రబడ్డాయి.

వరండాలో అదే నర్సు. సన్నగా, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. "బైఠియే అమ్మా," అంది.

"తెలుగుల చెప్పు బిడ్డా. నాకు హిందీ అంతంతే," అని అక్బర్ బీ కూర్చుని, కుడిచేతి బటన్లు టపటపా విప్పింది. "ఇగో, గుడ్డ మీద కట్టకు. గుడ్డ మీద కడితే పదహారు ఎక్కువ చూపిస్తదట."

ఆ అమ్మాయి తెరుచుకున్న చేతిని వంగి చూసింది. తర్వాత ఒక్కసారిగా హిందీ వదిలేసింది.

"ఏటమ్మా ఇది, భలే కుట్టారే! నాకు తెలుసమ్మా గుడ్డ మీద కట్టకూడదని. నేను చేరిన కొత్తల్లో ఒకావిడ చెయ్యి మడవబోతే ఆవిడ పెనిమిటి నా మీద ఇంతెత్తున లెగిశాడు. ముట్టుకుంటావేటి అని అరిసేశాడు. ఆ దినం నుంచి బుర్ఖా సూత్తే నాకు బయ్యమే. అడగడానికీ బయ్యమే."

"నీ భయానికి నా కండ్లు నాలుగు నెల్లు ఆగినయి బిడ్డా."

ఆ అమ్మాయి తల దించుకుంది. "తప్పేనమ్మా."

"మరి హిందీ ఎందుకు?"

"మాది శ్రీకాకుళం అవతలండి. నా తెలుగు యింటే ఇక్కడ నవ్వుతారు. హిందీ అయితే అందరిదీ ఒకేలాగుంటాది." సిగ్గుపడుతూ చల్లటి వేళ్ళతో ఆమె చేతిని పట్టుకుని పట్టీ చుట్టింది. నవ్వు వచ్చేదే గానీ, గుండె దడ ఇంకా తగ్గలేదు అక్బర్ బీకి. అంకె వచ్చింది. నూట డెబ్బై.

అఫీఫా మొహం వాడిపోయింది. గుడ్డ తీసేసినా నూట డెబ్బైయే. కౌంటర్ దగ్గర అన్న ఆ నాలుగు మాటలకు ఆమె ఒళ్ళు ఇంకా వణుకుతూనే ఉంది. మాట మింగితే ఎక్కింది, కక్కినా ఎక్కింది.

"ఇది రాయనమ్మా," అంది ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి. "ఎవలికైనా రెండుసార్లు సూడాల. పావుగంట కూకోండి. నా పేరు దేవిక. ఏమీ మాటాడొద్దు, ఊపిరి తీసుకోండి సాలు."

అక్బర్ బీ గోడకు ఆనుకుని కూర్చుంది. అఫీఫా ఆమె ఎడమచేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. వరండా చివర కిటికీలోంచి బస్సుల మోత వినిపిస్తోంది. అనసూయమ్మతో మనసులో మాట్లాడదామా అనుకుంది, అలవాటు కొద్దీ. ఇవాళ మాటలు రాలేదు. ఉన్నవన్నీ కౌంటర్ దగ్గర ఖర్చయిపోయినట్టున్నాయి.

రెండోసారి నూట యాభై నాలుగు వచ్చింది. దేవిక గుండ్రంగా రాసి, కింద గీత గీసింది. "రేపు పొద్దున్నే ఆపరేసనమ్మా. టాబ్లెట్ ఏసుకునే రండి."

మెట్లు దిగుతూ అఫీఫా వేళ్ళ మీద లెక్కపెట్టింది. "సిస్టరమ్మ ఇంట్ల నూట నలభై నాలుగు. ఈడ యాభై నాలుగు. ఇంకా పది ఉన్నది అమ్మీ."

"ఉండనీయ్. ముప్పై ఏండ్లది ఒక్క పొద్దుకే ఏడ పోతది?"

కుడి కంటికి ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పారు. మొదట అంతా తెల్లటి వెలుగు, తర్వాత డాక్టరు వేళ్ళు, ఎన్ని అని అడిగితే మూడు అని చెప్పింది. మందుల చీటీ కోసం హాల్లో కూర్చుంది. శాంతికుమార్ "అక్బర్ బీ గారూ!" అని ఎంత గట్టిగా పిలిచాడంటే, ఆమె సిగ్గుతో పరుగు లాంటి నడకతో వెళ్ళి మందులు తీసుకుంది. ఆమె తిరిగి వస్తుండగా అతను ఇంకో చీటీ ఎత్తి, వరసలో నల్ల బుర్ఖాతో కూర్చున్న ఒక మనిషి వైపు చూసి, "బుర్ఖా—" అని ఆగాడు. చీటీ కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "నిఖత్ గారూ."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అక్బర్ బీ బయటికి చూడలేదు. నల్ల కళ్ళజోడు కొంచెం ఎత్తి, ఒళ్ళో ఉన్న కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం, ఒక్కొక్క పోగూ కనిపిస్తోంది. ఎనిమిది బటన్లలో నాలుగోది వరస తప్పి పక్కకు జరిగి ఉంది, అంగుళంలో పావు వంతు. దాని చుట్టూ దారం పిచ్చిగీతల్లా ఉంది.

"గిట్ల ఎవలు కుట్టిన్రే?" అంది.

అఫీఫా నవ్వు ఆపుకుంటూ, "నీ ఏళ్ళకు కండ్లున్నయంటివి గద అమ్మీ," అంది.

"ఆ రోజే జెప్పకపోతివి?"

"చెప్తే బీపీ పెరుగుతదని."

అక్బర్ బీ కూతురి నెత్తి మీద మెల్లగా ఒకటిచ్చింది. తర్వాత గోటితో ఆ బటన్ కింద దారాన్ని గోకి చూసింది. గట్టిగానే ఉంది.

"ఇంటికి పోయినంక ఇప్పి మళ్ళ కుడ్త," అంది. "ఎడమ కన్నుకు మళ్ళ రావాలె గద."